రెండు బారల నీళ్ళు

మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మాటలకి అర్థాలు వల్లె వేస్తోంది. రేపు బడిలో అడుగుతారట. ఒక మాట దగ్గర ఆగి, ఫాదమ్ అంటే ఆరడుగులని, సముద్రంలో నీళ్ళ లోతు దాంతో కొలుస్తారని నాకు పాఠం చెప్పింది. నేను చింతపండు పిక్కలు తీస్తున్నదాన్ని చెయ్యి ఆపి, ఎవరి ఆరడుగులే అని అడిగాను.

"ఎవరివేంటి అమ్మమ్మా? ఆరడుగులంటే ఎవరికైనా ఆరడుగులే" అని విసుక్కుంది.

ఆ మాటకి ఇంకా అర్థాలున్నాయట. పూర్వం ఆ దేశంలో మనిషి రెండు చేతులూ చాపితే ఎంత వస్తుందో అంత కొలతకి ఆ పేరు ఉండేదట. చేతులు చాపి మనిషిని కౌగిలించుకోవడాన్ని కూడా ఒకప్పుడు అదే మాటతో అనేవాళ్ళట. ఇప్పుడైతే ఒక సంగతిని అడుగంటా తవ్వి తెలుసుకోవడాన్ని కూడా అలాగే అంటారట. ఇంతా చెప్పి, నీకు తెలుసా అన్నట్టు నా మొహం చూసింది. మనం దాన్ని బార అంటామే అని చెప్పాను. అది పలక మీద బార అని రాసుకుని, పుస్తకం మూసి, అచ్చనగాయలు ఆడుకోవడానికి పోయింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఈ అర్థాలన్నీ నేను చిన్నప్పుడు ఒక్క తాడు దగ్గరే చూశాను. ఆఖరిది మాత్రం మా పల్లెలో ఎవరికీ అక్కర్లేకపోయింది.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, మడ అడవి పక్కన ఉండేది మా పల్లె. ఇప్పుడు లేదు. సగం ఏరు కోసుకుపోయింది, మిగతా సగం మీద ఇసక మేట వేసింది. నాకు ఏడుపేమీ రావడం లేదు, పోతే పోయింది. కానీ కళ్ళు మూసుకుంటే ఆ వాసన మటుకు వచ్చేస్తుంది. ఇసకలో పరిచిన ఎండు నెత్తళ్ళ వాసన, వలలకి పట్టించే తుమ్మచెక్క కషాయం వాసన, పాటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు మడచెట్ల వేళ్ళ దగ్గర కుళ్ళిన బురద వాసన. పై ఊళ్ళ నుంచి చుట్టాలొస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు అందులోనే ఆకలి వేసేది. పొద్దున్నే గంజిలో ఉప్పు గల్లు వేసుకుని, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప నంజుకుని తాగితే మళ్ళీ మధ్యాహ్నం దాకా ఇంటి మొహం చూసేవాళ్ళం కాదు. ఎండబెట్టిన చేపలకి కాకుల్ని తోలమని మమ్మల్ని కూర్చోబెట్టేవాళ్ళు. కాకులు తిన్నదానికంటే మేము తిన్నదే ఎక్కువ.

మా వాళ్ళు చేపలు పట్టేవాళ్ళే అయినా మా ఇంటికీ, పల్లెలో ఇంకొన్ని ఇళ్ళకీ ఇంకో పని కూడా ఉండేది, మొగ దాటించడం. మొగ అంటే ఏరు సముద్రంలో పడే నోరు. కాకినాడ ఎదట లోతు తక్కువ, పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు. అవి సముద్రంలో దూరంగా లంగరేసి కూర్చునేవి. పై ఊళ్ళ ధాన్యం నావల్లో ఏటి వెంట దిగి వచ్చి, మా మొగ దాటి, ఆ ఓడల పక్కకి చేరాలి. మొగలో నీళ్ళ కింద ఇసక తిప్ప ఒకటి ఉంటుంది. అది ఒక్కచోట ఉండదు. వరద వచ్చి ఒకలా తోస్తుంది, గాలి మారి ఇంకోలా తోస్తుంది. నిన్న నావ పోయిన దారిలో ఇవాళ మోకాటి లోతు ఉండొచ్చు. అందుకని ఏ నావ వచ్చినా మా ఇళ్ళ మనుషులు ఎవరో ఒకరు ఎక్కి, ముందు నిలబడి తాడు విసిరి, లోతు అరిచి చెబుతూ బయటికి తీసుకుపోవాలి.

ఆ తాడు గురించి చెప్పాలి. చివర సీసపు గుండు ఉండేది. బారకో ముడి వేసి, ముడికో గుడ్డపీలిక కట్టేవాళ్ళు. గుండు అడుక్కి తగిలాక ఏ పీలిక తడిసిందో చూసి ఇన్ని బారలని కేకవేస్తారు. ఆ బార ఎవరిదంటే ఇంటి పెద్దది. ఆయన చేతులు చాపితే ఎంతో అదే మా ఇంటి బార. నా చిన్నతనంలో అది మా తాత బార.

తాత తాటిచెట్టంత మనిషి. వంగకుండా మా గుమ్మంలో అడుగు పెట్టగా ఎవరూ చూడలేదు. తాడు కొలిచేటప్పుడు ఒక కొన ఎడం చేత్తో పట్టుకుని, గుండె మీంచి లాగి, కుడిచెయ్యి బార్లా చాపేవాడు. నేను పరిగెత్తుకెళ్ళి ఆ చేతుల మధ్య దూరేదాన్ని. తాడుతో పాటు నన్నూ గుండెకి అదిమేసి, ఇదిగో ఈ బారలో ఒక పిల్ల ఎక్కువొచ్చిందని నవ్వేవాడు. చుట్ట కంపు, తారు కంపు, చెమట కంపు కలిసి ఊపిరాడేది కాదు. అయినా బయటికి వచ్చేదాన్ని కాదు. ఇంగ్లీషు వాళ్ళు కొలతకీ కౌగిలికీ ఒకే మాట పెట్టారంటే నాకేమీ వింతగా లేదు.

తాత పెట్టిన కట్టడి ఒక్కటే. తిప్ప మీద రెండు బారల నీళ్ళుంటే నిండు నావ పోవచ్చు. అల దిగినప్పుడు కూడా అడుగు తగలదు. లేకపోతే, ఏ షావుకారు ఎంత తొందరపెట్టినా లంగరేసి, నీళ్ళు పెరిగే పోటు కోసం కూర్చోవాల్సిందే. ఆ కట్టడి ఉన్నన్నాళ్ళూ మా మొగలో నావ తగలలేదు.

తాతకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా పెదనాన్న. చిన్నవాడు మా నాన్న. నాన్నకి తాత ఒడ్డూ పొడుగూ వచ్చింది. పెదనాన్న మా నాయనమ్మ పోలిక, పొట్టిగా, గట్టిగా, రోలులా ఉండేవాడు. చేతులు మరీ పొట్టి. వల భుజాన వేసుకుని నడుస్తుంటే వల కిందే ఆ చేతులు కనబడకుండా పోయేవి. పల్లె అంతా ఆయన్ని వేళాకోళం చేసేవాళ్ళు. ఎంత చెడ్డ పిల్లలమో ఏమో, మేము కూడా మోచేతులు డొక్కలకి ఆనించుకుని ఆయన వెనకాలే వరసగా నడిచేవాళ్ళం. వెనక్కి తిరిగి చూస్తే ఆకాశంలోకి చూసేవాళ్ళం. ఆయన ఒక్కనాడు మా మీద చెయ్యి చేసుకోలేదు. వేసవి వస్తే ఆయనే ముంజెకాయల గెలలు భుజాన వేసుకొచ్చి, బొటనవేలితో ఒక్కొక్క కన్నే తీసి మా నోట్లో పెట్టేవాడు. చెడ్డవాడని చెప్పడానికి ఈ కథ ఎత్తలేదు. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వర్షాలప్పుడు, ఎర్రనీళ్ళొచ్చి పులసలు ఎగదన్నే రోజుల్లో తాత పోయాడు. పోయినప్పుడు పొలం పంచుకున్నట్టు పంచుకునేదేమీ లేదు మా ఇళ్ళలో. ఒకటే ఆనవాయితీ. మనిషి పోతే ఆయన తాడు కూడా ఆయనతోనే మొగలో వదిలేస్తారు. పెద్దదినం నాడు, బంధువులంతా భోజనాలకి కూర్చోకముందు, పెద్దకొడుకు కొత్త తాడుని తన బారలతో కొలిచి ముడులు వేస్తాడు. ఆ క్షణం నుంచి ఆ ఇంటికి ఆయన పెద్ద. తండ్రి బారతో కొలిస్తే తండ్రిని మళ్ళీ నీళ్ళ మీదకి పిలిచినట్టేనని భయం.

పెదనాన్న తలంటు పోసుకొచ్చి వాకిట్లో నిలబడి కొలవడం మొదలుపెట్టాడు. గాడిపొయ్యి మీద చేపల పులుసు మరుగుతోంది. అరుగు మీద పెద్దలు చుట్టలు ముట్టించుకుని చూస్తున్నారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పెదనాన్న వేళ్ళ కొనలు తెల్లబడేలా చేతులు లాగి చాపుతున్నాడు. ఎంత లాగినా చేతులు పెరుగుతాయా? నాన్న పక్కనే గుడ్డపీలికలు పట్టుకుని నిలబడి, ముడి పడిన చోటల్లా కడుతున్నాడు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

తరవాత ఒకనాడు ఆ తాడుని తారు ఆరడానికి దడి మీద వేశారు. మాకు ఉయ్యాల తాడు ఒకటుండేది. తాత తన తాడు అరిగిన చోట కోసి అతుకు వేసుకున్నప్పుడు, రెండు ముడుల మధ్య ముక్క తీసి నాకు ఉయ్యాలకి ఇచ్చాడు. నేనూ మా పెదనాన్న కూతురూ ఊరికే ఆటకి ఆ ముక్కని కొత్త తాడు పక్కన పెట్టి చూశాం. ముడికి ముడి కలవలేదు. జాన పెట్టి చూస్తే సరిగ్గా జానెడు తేడా వచ్చింది. ఆ పిల్ల వాళ్ళ నాన్న చేతులు పొట్టివని తెగ నవ్వింది. నేను నవ్వుతూనే వెళ్ళి అమ్మకి చెప్పాను.

అమ్మ నవ్వలేదు. మా అమ్మది కొవ్వూరు వైపు, గోదావరి ఒడ్డు. ఏట్లో చేపలు పట్టే ఇంటి పిల్ల. సముద్రం మొహం పెళ్ళయ్యాకే చూసింది. అందుకే ఆమెకి సముద్రమంటే భయం ఎక్కువ, మా వాళ్ళ మీద నమ్మకం తక్కువ. చేస్తున్న పని వదిలేసి దడి దగ్గరికొచ్చి తనే కొలిచింది. బారకి జానెడంటే రెండు బారలకి మూరెడు నీళ్ళు. తాత రెండు బారలంటే ఉండే నీళ్ళు, పెదనాన్న రెండు బారలంటే ఉండవు. కట్టడి అదే, బార చిన్నదైంది. చిన్నపిల్లనైన నాకే అర్థమైన సంగతి ఇది.

ఆ సాయంత్రం అమ్మ నాన్నకి అన్నం పెడుతూ చెప్పింది. నాన్నకి ముందే తెలుసు. ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక తిరుగుతున్నాడు. ఇకనుంచి రెండు బారల మీద మూరెడు నీళ్ళు చూసుకుందామని మర్నాడు వలలు విప్పుకుంటూ అన్నగారితో మెల్లిగా అన్నాడట. పెదనాన్న మొహం ఎర్రబడిపోయిందట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఊరంతా తన చేతుల మీద పడి నవ్వారు, ఇప్పుడు తోడబుట్టినవాడు కూడా మొదలుపెట్టాడా అన్నాడట. నాన్న ఇంక నోరెత్తలేదు. ఊరుకోలేక అమ్మ నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది. నాయనమ్మ చాటలో నూకలు చెరుగుతూ అంతా వింది.

"పెద్దాడు బతికుండగా చిన్నాడి చేతుల మాట ఎత్తకమ్మా. ఇల్లు రెండవుద్ది" అంది చివరికి.

ఇల్లు రెండు కాకూడదని అందరూ నోరు మూసుకున్నారు. ఆ శీతాకాలం అంతా ఏమీ కాలేదు. వరద నీళ్ళు ఇంకా మొగలో ఉన్నాయి, సముద్రం పడుకుని ఉంది. నావలు దాటుతూనే ఉన్నాయి. ఏమీ కాకపోవడమే మా కొంప ముంచింది. చూశారా, నా బార తక్కువేం కాదని పెదనాన్నకి ధైర్యం వచ్చింది. ఆయన మళ్ళీ నవ్వడం కూడా మొదలుపెట్టాడు. నాన్న ఒక్కడు మొగలోకి పోయే రోజున అన్నం సగంలో వదిలేసి లేచేవాడు.

చైత్రంలో దక్షిణపు గాలి తిరిగింది. ఏట్లో నీళ్ళు తగ్గాయి, మొగలో అల లేచింది. ఓడ ఒకటి సరుకు కోసం కాచుక్కూర్చుందని కాకినాడ షావుకారు తన గుమాస్తాని నావలోనే ఎక్కించి పంపాడు. పెదనాన్న చుక్కాని పట్టాడు. నాన్న ముందు నిలబడి తాడు విసురుతున్నాడు. గెడ వేసేందుకు పల్లెలో ఇంకో ఇంటి మనిషి ఎక్కాడు. ఆయన మా అమ్మకి వరసకి అన్న, మేము మావయ్య అని పిలిచేవాళ్ళం. బాగా పొద్దెక్కిన వేళ బయల్దేరారు. మేము ఇసకలో ఎండ్రకాయల బొరియలు తవ్వుకుంటూ చూస్తున్నాం. నిండు నావ, తెరచాప ఎత్తి, మా కళ్ళెదుటే వెళ్ళింది. మొగలో ఒకసారి ఆగినట్టయింది. తరవాత వెనక నుంచి వచ్చిన అల దాన్ని పక్కకి తిప్పేసింది. ఇంకో అల మీద పడింది. ఆ దూరానికి చప్పుడేమీ వినబడలేదు.

పెదనాన్నా, గుమాస్తా, మావయ్యా చెక్కలు పట్టుకుని తేలారు. నాన్న ముందు భాగాన ఉన్నాడు, తెరచాప కొయ్య మీద పడింది. మర్నాడు పాటులో మడచెట్ల వేళ్ళ మధ్య దొరికాడు. పెదనాన్నే మొలలోతు బురదలో దిగి ఎత్తుకొచ్చాడు. వాకిట్లో పడుకోబెట్టి, ఆ పొట్టి చేతులు నాన్న చుట్టూ వేసి, విడిపించడానికి నలుగురు పట్టుకుంటే కానీ విడవలేదు. నాకు అది బాగా గుర్తు. ఆయన ఏడుపు దొంగ ఏడుపు కాదు.

కర్మలు జరుగుతుండగానే మావయ్య ఒక సాయంత్రం మా దొడ్లోకొచ్చి, ఎవరూ లేకుండా చూసి అమ్మకి జరిగింది చెప్పాడు. నేను అమ్మ పక్కనే ఉన్నాను. తిప్ప దగ్గర నాన్న తాడు విసిరి, పీలిక చూసి, వెనక్కి తిరిగాడట. అయ్య అని వాళ్ళు పిలిచేది మా తాతని.

"అన్నా, నీ బారలు రెండున్నాయి. అయ్య బారలకి మూరెడు తక్కువ. ఆగుదాం" అన్నాడట.

పరాయివాడైన గుమాస్తా ఎదట ఆ మాట వినేసరికి పెదనాన్నకి ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడు బారంటే నాదే. పోనీ" అని చుక్కాని తిప్పాడట. నాన్న తాడు చుట్టుకుని, ముందుకి తిరిగి నిలబడ్డాడట.

అమ్మ ఆ మాట పట్టుకునే బతికింది. పల్లెలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. పెద్దలు తేల్చాలని కూర్చున్నారు. ఎందుకంటే లోతు ఎవరు తప్పు చెప్పారో తేలకపోతే ఇక ముందు మా పల్లెవాళ్ళని నమ్మి షావుకార్లు నావలు పంపరు. అమ్మ ఆ కూటమికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మా పల్లెలో ఆడది అలా వెళ్ళడం లేదు, పైగా మొగుడు పోయి నెల తిరగని మనిషి. ముసుగు సర్దుకుని, రెండో చేతిలో నా ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది.

"నాకేం ఇవ్వద్దండి. బావగారిని తప్పు పట్టమని కూడా అడగట్లేదు. ఈ ముక్కని ఆ తాడు పక్కన పెట్టి చూడండి. చూసిందే చెప్పండి. ఆయన లోతు తప్పు చెప్పలేదని ఒక్క మాటనండి" అంది.

పెద్దాయన ఒకరు ముక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. పెద్దదినం నాడు అరుగు మీద కూర్చుని నవ్వు ఆపుకున్నవాళ్ళే వాళ్ళంతా. తాడు తప్పంటే ఆనవాయితీ తప్పు. ఆనవాయితీ తప్పంటే ప్రతి ఇంట్లోనూ పెద్దకొడుకు తాడు తీసి కొలవాల్సి వస్తుంది.

"ఇది పిల్లలూగే తాడు కదమ్మా. ఊగీ ఊగీ సాగిపోయుంటుంది" అన్నాడాయన.

అందరూ అవునవునన్నారు. ఇంకెవరో గోదావరి ఒడ్డు పిల్లకి సముద్రం సంగతేం తెలుసన్నారు. గుమాస్తా అప్పటికే కాకినాడ వెళ్ళిపోయాడు. అమ్మ మావయ్య వైపు తిరిగింది. మావయ్య కాళ్ళ కింద ఇసక చూసుకుంటూ, గాలి హోరులో తనకేమీ వినబడలేదని చెప్పాడు. ఆయనకీ ఒక తాడుంది, దానికీ ముడులున్నాయి.

అప్పుడు పెదనాన్నని అడిగారు. పెదవులు కదుపుతుంటే ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడని చూశాను. నాకు ఆయన మీద అంత నమ్మకం.

"తమ్ముడు రెండు బారలన్నాడు. నేను నడిపాను" అన్నాడు.

అది అబద్ధం కాదు. నాన్న రెండు బారలన్న మాట నిజమే. ముందున్న మాటా, వెనకున్న మాటా మింగేసి నడిమి మాట ఒక్కటి బయటపెట్టాడు. పెద్దలకి అది చాలింది. లోతు చెప్పినవాడిదే తప్పని తేల్చేశారు. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా. నాయనమ్మ దూరంగా మూలన కూర్చుని అంతా వింది. ఇల్లు రెండు కాకుండా కాపాడుకుంది.

ఆ తరవాత జరిగింది చూడండి. మళ్ళీ నావలు రావడం మొదలయ్యాక పెదనాన్న ఒక్కసారి కూడా రెండు బారల నీళ్ళలో మొగ దాటలేదు. రెండు బారల మీద మూరెడు తడిస్తేనే పోనిచ్చేవాడు. మిగతా ఇళ్ళవాళ్ళు కూడా ఎవరి లెక్కకి తగ్గట్టు వాళ్ళు జానెడో మూరెడో కలుపుకున్నారు. ఎందుకని ఒకళ్ళనొకళ్ళు అడగలేదు, చెప్పుకోలేదు. అమ్మ అడిగిందంతా చేశారు. ఒక్క మాట అనడం తప్ప.

అమ్మ అది చూశాక ఆ పల్లెలో ఉండలేకపోయింది. వాళ్ళు నమ్మకపోతే ఉండేదాన్నేమో, నమ్మి కూడా ఇలా చేస్తే ఎలా ఉండనని నాకు పెద్దయ్యాక చెప్పింది. అమ్మ తోడబుట్టిన మా మేనమామ వచ్చి మమ్మల్ని కొవ్వూరు తీసుకుపోయాడు. బయల్దేరేటప్పుడు పెదనాన్న రేవు దాకా వచ్చి నా కోసం చేతులు చాపాడు. నేను అమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకున్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా దానికి నేను చింతించడం లేదు. కొవ్వూరులో అమ్మ బియ్యం దంచి నన్ను పెంచింది. రేవు దగ్గర దొరసాని ఒకావిడ ఆడపిల్లలకి బడి పెడితే అందులో వేసింది. ఒడ్డున కూర్చుని అక్షరాలు దిద్దుకుంటుంటే ఎదర రాజమండ్రి కనబడేది. ఇప్పుడు ఆ నీళ్ళ మీంచి రైలు పోతోంది, ధాన్యం కూడా దానిమీదే పోతోంది. మొగ దాటించే పనీ లేదు, ఆ తాళ్ళూ లేవు.

ఆ పని పోవడం చూసే అమ్మ పోయింది. ఆమె వినకుండా పోయిన మాట ఒకటుంది. అదొక్కటే దేవుడు చేసిన మేలు.

ఆమె పోయాక, మా అమ్మాయి కాపురం కాకినాడలో పెట్టినప్పుడు, నూతికి చేంతాడు కొందామని బజారుకి వెళ్ళాను. కొట్టు కోమటాయన తాడు చుట్ట కిందకి దించి, నవ్వుతూ పలకరిస్తూ, చేతులు చాపి బారలు కొలవడం మొదలుపెట్టాడు. పక్కన చేపల గంప దించుకుని ఒకామె తన బేరం కోసం నిలబడి ఉంది. సముద్రం ఒడ్డు మనిషని చీరకట్టు చూస్తేనే తెలుస్తుంది. పిల్ల వయసు, నా కూతురంత ఉంటుంది. ఆయన మోచెయ్యి కొంచెం వంగడం చూసి కిసుక్కున నవ్వింది.

"ఏంటండీ, పెద్దావిడకి తమ్ముడి బార వేసేస్తున్నారు" అంది.

కోమటాయన నొచ్చుకోలేదు. "అబ్బే, మన దగ్గర అదేం లేదమ్మా. అన్న బారే" అని మోచెయ్యి సాపు చేసుకున్నాడు.

తమ్ముడి బార అంటే ఏంటమ్మా అని ఆమెని అడిగాను. దొంగ కొలతనీ, మా వైపు అందరూ అలాగే అంటారనీ చెప్పింది. పూర్వం ఎవడో తమ్ముడు లోతు తప్పు చెప్పి అన్న నావ ముంచేశాడట. అందుకని చిన్నపిల్లలు ఆటలో దొంగ లెక్క పెట్టినా తమ్ముడి బార అనే వెక్కిరిస్తారట. ఆమె మంచిగానే చెప్పింది. ఆమె తప్పేముంది, పుట్టక ముందు సంగతి. నేను ఆ తమ్ముడి కూతుర్నని చెబుదామని నోరు తెరిచాను. కొట్లో ఇంకా నలుగురు ఉన్నారు. చెబితే ఏం కొలిచి చూపించను? ఆ ఉయ్యాల తాడు ఎప్పుడో పోయింది. తెలిసినవాళ్ళంతా చచ్చిపోయారు.

"నాకు తమ్ముడి బారే వెయ్యండి" అన్నాను కోమటాయనతో.

ఆయన విన్నది నిజమేనా అన్నట్టు చూశాడు. మళ్ళీ అన్నాను. చేపలామె పడీ పడీ నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే మోచేతులు రెండూ డొక్కలకి ఆనించుకుని, చేతులు సగమే చాపి, నేనడిగినన్ని బారలు కొలిచి కోసి ఇచ్చాడు. అందులో మా నాన్నది ఒక్క బార కూడా లేదు. ఆ తాడు ఇంటికి తీసుకొచ్చి బొక్కెనకి కట్టి మా అమ్మాయి నూతిలో వదిలాం. నీళ్ళకి అందలేదు.